గ్రాముల పుస్తకం

2022 జనవరిలో మేము హన్మకొండలోనే ఒక అద్దె ఇంటి నుంచి ఇంకో అద్దె ఇంటికి మారుతున్నప్పుడు, పాత రసీదులు దాచిన రేకు డబ్బాలో ఎర్ర అట్ట వేసిన చిన్న చేతిపుస్తకం ఒకటి నా చేతికి తగిలింది. 2018 మిర్చి సీజనులో నా చొక్కా జేబులో తిరిగిన పుస్తకం అది. తెరిచి చూస్తే పేజీకొక రైతు పేరు, ఊరు, దాని కింద బస్తాల వారీగా తూకాలు నా చేతిరాతలోనే ఉన్నాయి: 42.700, 43.450, 41.900. ఆ రైతుకు ఆ సాయంత్రం నేను రాసిచ్చిన తక్‌పట్టీలో, అంటే తూకం చీటీలో మాత్రం అవే బస్తాలు 42, 43, 41గా ఉంటాయని నాకు, అప్పటి మా యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. సామాను సర్దడం ఆపి, మూటల మధ్య నేల మీదే కూర్చొని అందులోని ఇరవై మూడు పేర్లూ చదివాను. ఆ రోజు నుంచి జూన్ నెల దాకా నడిచిన దారిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ పని ఎలా జరిగేదో చెప్పాలి. నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మూడు సీజన్లు, రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేశాను. పొద్దున జెండా పాట అనే వేలంలో ఆ రోజు గరిష్ఠ ధర పలికిన తరువాత ఖరీదుదారులు బస్తాల వరుసల మధ్య తిరిగి, కాయ రంగు, తేమ చూసి ఎవరి సరుకుకు ఎంతో ధర కడతారు. ఆ తరువాత కాంటాలు మొదలవుతాయి. హమాలీలు బస్తాను కాంటా మీదికి ఎత్తగానే ఎర్ర అంకెలు వెలుగుతాయి, తూకం వేసే దడ్వాయి ఆ అంకెను పైకి చదువుతాడు, గుమాస్తా రాసుకుంటాడు. మొదట్లో నేను గ్రాములతో సహా రాసేవాడిని. యజమాని పిలిచి, గ్రాములు రాస్తూ కూర్చుంటే చీకటి పడ్డా లెక్క తెగదనీ, రైతు కాగితం మీద కిలోలు వేస్తే చాలనీ అన్నారు. ఖరీదుదారు దగ్గరి నుంచి మాత్రం గ్రాములతో సహా డబ్బు వచ్చేది. సంచి బరువు కింద తీసేది వేరే ఉండేది. ఇది దానికి అదనం. రైతు కూడా అడిగేవాడు కాదు, ఎందుకంటే విత్తనానికీ మందులకూ ఆ దుకాణంలోనే అప్పు తెచ్చుకున్నవాడు పంట అక్కడికే తేవాలి, మళ్లీ వానాకాలం అప్పుకు అక్కడికే రావాలి. సీజను చివర యజమాని నా చేతిలో 15,000 రూపాయల ఇనాం పెట్టేవారు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో నాకు తెలియదని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

2018 సీజనులో కొన్నాళ్లు అలవాటు కొద్దీ తూకాన్ని గ్రాములతో జేబు పుస్తకంలో రాసుకొని, తక్‌పట్టీలోకి కిలోలు మాత్రమే ఎక్కించాను. పుస్తకం నిండిపోయాక కొత్తది కొనలేదు. దడ్వాయి నలభై రెండు ఏడు వందలు అని చదివితే నా చెయ్యి దానంతట అదే నలభై రెండు రాసింది. ఆ ఎర్ర పుస్తకం నిండిన రోజే నా మనస్సాక్షి కూడా మాట్లాడడం మానేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అదే కాలంలో నేను మా సంఘంలో ధైర్యవంతుడిననే పేరు మోస్తున్నాను. యౌవనస్థుల కూడికలు నడిపేవాడిని. ఒకసారి వరంగల్ బస్టాండు దగ్గర కరపత్రాలు పంచుతుండగా ఒక పెద్దమనిషి కరపత్రాన్ని నాలుగు ముక్కలు చేసి నా ముఖం మీదికి విసిరితే, నేను నవ్వుతూ ఆయనకు నమస్కారం చేసి నిలబడ్డాను. ఆ సంగతిని సాక్ష్యంగా కనీసం పది కూడికల్లో చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఆమేన్‌లు వినిపించేవి. అది నటన అని నేను అనను, ఆ రోజు నా గుండె నిజంగానే దడదడలాడింది. కానీ ఆ పెద్దమనిషి నాకు ఏమీ కాడు, మళ్లీ కనిపించడు, నా వెనక మా సంఘంవాళ్లు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. మరునాడు సోమవారం కాంటా పక్కన నా వెనక ఎవరూ లేరు. అక్కడ గ్రాములు కూడా రాస్తానండీ అన్న ఒక్క వాక్యం నా నోటి నుంచి మూడేళ్లలో రాలేదు. యేసు నామాన్ని నడిబజారులో ప్రకటించిన నోరే ఏడు వందల గ్రాముల దగ్గర మూతపడింది.

మా నాయనమ్మ పుట్టిల్లు డోర్నకల్ వైపు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు 1945లో చనిపోయేదాకా ఆ డోర్నకల్ అధ్యక్ష మండలానికే బిషప్‌గా ఉన్నారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత, వాళ్ల చేతులు వాళ్ల తల మీదే పెట్టించి, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. నాయనమ్మ ఆ వాడుకను మాకు చేసి చూపించేది. ఆ చేతులు తల మీద నుంచి దించాక వాటితో ఏం చేస్తామన్నదే అసలు ప్రకటన అని ఆమె అర్థం. "నోటితోని చెప్పేది ఊరంతా ఇంటది బిడ్డా, చేతులు చేసేది దేవుడే చూస్తడు" అనేది. చిన్నతనంలో ఆ మాట దేవుడు చూస్తున్నాడన్న బెదిరింపుగా వినిపించేది. పుస్తకం దొరికిన రాత్రి అది వేరేగా వినిపించింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభురాత్రి భోజనం. పాస్టరు గారు ఆ రోజు ఆ పాఠమే తీసుకున్నారని కాదు గాని, రొట్టె పళ్లెం వరుస వెంట నా దగ్గరికి వస్తుండగా, బలిపీఠం దగ్గర నీ సహోదరునికి నీ మీద ఏమైనా విరోధం ఉందని జ్ఞాపకం వస్తే అర్పణను అక్కడే విడిచి వెళ్లమని మత్తయి అయిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. ఆ మాటలో నేను అంతకు ముందు గమనించని సంగతి ఒకటుంది: నీకు అతని మీద కోపం ఉంటే అని అక్కడ లేదు, అతనికి నీ మీద ఉంటే అని ఉంది. నా మీద ఇరవై మూడు మందికి ఉండవలసిన కోపం, నేను దాచిపెట్టడం వల్ల, వాళ్లకు తెలియకుండా ఉండిపోయింది. పళ్లెం పక్కవాళ్లకు అందించి తల దించుకున్నాను.

కూడిక అయిపోయాక పాస్టరు గారికి పుస్తకం చూపించాను. ఆయన వెంటనే క్షమాపణ వచనాలు చదవలేదు, అది నాకు ఇప్పటికీ మేలనిపిస్తుంది. పుస్తకం ఆఖరిదాకా తిప్పి, లేవీయకాండము ఆరో అధ్యాయం తీసి చూపించారు. పొరుగువానిని మోసపుచ్చి తీసుకున్నదాన్ని మూలధనం అంతా ఇచ్చి, దాని మీద అయిదో వంతు కలిపి, సొత్తుదారునికే ఇవ్వాలని అక్కడ ఉంది. దేవుని పేరిట కానుక పెట్టెలో వేస్తే సరిపోదా అని నేను అడిగాను. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను, ఆ ఆలోచన నాకు నిజంగా వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపి, "దేవునికి నువ్వు మిర్చి తూచలేదు కదా" అన్నారు.

ప్రార్థన చేసుకుంటానని చెప్పి వచ్చాను. ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలని ఉంది. ఆ తరువాత నెల రోజులు నేను ధైర్యం కోసం ప్రార్థించాను, శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. దేవుడు మనకు పిరికితనముగల ఆత్మ ఇవ్వలేదని తిమోతికి పౌలు రాసిన మాటను గోడ మీద అంటించుకున్నాను. భయం ఒక్క వీసం కూడా తగ్గలేదు, నేను ఒక్క ఇంటికి కూడా వెళ్లలేదు. మార్చి రెండో తేదీన బూడిద బుధవారంతో శ్రమ దినాలు మొదలైనప్పుడు పాస్టరు గారు దారిలో కలిసి, మొదటి పేరు ఎవరిదని అడిగారు. ఇంకా ప్రార్థిస్తున్నానన్నాను. "భయం పోయినంక పోతనని కూసుంటే నువ్వు ప్రార్థన చాటున దాక్కున్నట్టే" అన్నారాయన. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం చదివితే, పేతురు యోహానులు ధైర్యం కోసం ప్రార్థించింది బెదిరింపులు వచ్చాక, మళ్లీ అదే పనికి వెళ్లడానికి. ఇంట్లో ఉండిపోవడానికి కాదు.

ఆ రాత్రి లెక్క కట్టాను. ఇరవై మూడు మంది, 598 బస్తాలు, కిలోల కింద పడిపోయిన గ్రాములన్నీ కలిపితే 327 కిలోలు. ఒక్కొక్కరికి ఆ రోజు పడిన ధర పుస్తకంలో తూకాల పక్కనే రాసి ఉంది కాబట్టి విడివిడిగా గుణించాను: 29,340 రూపాయలు. అయిదో వంతు 5,868. మొత్తం 35,208. సువార్తలో సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నాకు అంత శక్తి లేదు. అంతకు ముందు రెండు సీజన్ల లెక్క నా దగ్గర లేనేలేదు, దాన్ని తెలిసినట్టు ఇక్కడ రాయలేను.

ఇప్పుడు నేను ఇనుము, సిమెంటు అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తున్నాను, చేతిలో అంత మొత్తం ఉండదు. నా భార్య చీటీ పాడిన డబ్బు బ్యాంకులో ఉంది, అది అమ్మాయి కాలేజీ ఫీజుకు అనుకున్నది. ఆమెకు చెప్పడమే మొదటి గడప. పుస్తకం ముందు పెట్టి అన్నీ చెప్పాను. డబ్బు గురించి ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నేను ఇరవై మూడు కవర్లు కొని, వాటి మీద రైతుల పేర్లు రాసి, పంపినవాడి పేరు లేకుండా ఊరి పెద్దల ద్వారా అందేలా చేస్తానని నా ఏర్పాటు చెప్పినప్పుడు మాత్రం ఆమె కవర్ల కట్టను చేతిలోకి తీసుకుంది. "డబ్బు పోతె ఏడాది కష్టపడి మల్ల జమ చేద్దాం. కని పేరు లేకుండ ఇస్తె, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిండనుకుంటరు. దొంగతనం చేసి పుణ్యాత్మునివి అయితవా?" అంది. పదహారేళ్ల కాపురంలో ఆమె నాతో అంత కఠినంగా మాట్లాడిన సందర్భం ఇంకొకటి లేదు. ఆమె చెప్పింది నిజం. ప్రధాన యాజకుని వాకిట్లో చలి కాచుకుంటూ ఒక పనిపిల్ల ముందు పేతురు యేసును ఎరగనన్నది కత్తికి భయపడి కాదు, ఫలానావాడివి నువ్వే కదా అన్న మాటకు భయపడి.

మార్చి రెండో వారంలో పాత యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. విషయం విన్నాక మొదట నవ్వారు, తరువాత తలుపు దగ్గరికి వేశారు. మార్కెట్‌లో అందరూ చేసే పనే అది, నాలుగేళ్ల నాటి గ్రాములు ఎవరు అడుగుతున్నారు, నా దుకాణం పేరు ఎత్తితే ఊరుకునేది లేదు అని మూడు రకాలుగా చెప్పారు. నేను నా చేతితో రాసినదానికి నేను ఒప్పుకుంటాననీ, మీరు చెప్పమంటే రాశానని ఎవరి దగ్గరా అననని, ఎవరైనా నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పననీ అన్నాను. ఇది సరిపోయిందా లేదా అని నేను చాలా రోజులు ఆలోచించాను. మార్కెట్ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడమే అసలు ధైర్యమని మా బావమరిది వాదించాడు. ఆ మాటను తేలికగా తీసేయలేను, న్యాయం కోసం అలా నిలబడినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ నేను మొదట అక్కడికి పరుగెత్తి ఉంటే, నా తప్పును ఆయన తప్పు వెనక దాచుకునేవాడిని. ఆ సంగతి నాకు నా గురించి బాగా తెలుసు. డబ్బులో ఆయన వాటా ఇవ్వమని కూడా అడిగాను. ఆయన ఇవ్వలేదు.

మొదటి ఇల్లు నర్సంపేట వైపు. ఆ ఏడు మిర్చి రైతుకు ఎటువంటి ఏడు అన్నది ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనవసరం లేదు. నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలు మాడిపోయాయి, మిగిలినదాన్ని జనవరి వడగళ్లు కొట్టేశాయి, ధర మంచిగా ఉన్నా అమ్మడానికి కాయ లేదు. నేను వెళ్లేసరికి ఆ పెద్దాయన ఎండిన తోటను ట్రాక్టరుతో దున్నించేసి, పీకిన కట్టెను గట్టు మీద కుప్ప వేస్తున్నాడు. బండి ఆపాక కాళ్లు నేల మీద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెనక్కి తిప్పుకొని వెళ్లిపోవడానికి తాళంచెవి కూడా తిప్పాను. ఆయనే చేయి అడ్డం పెట్టుకొని చూసి, "ఎవలు బిడ్డా, మందుల కంపెనోనివా?" అన్నాడు. కాదు బాపూ, 2018లో మీ మిర్చి తూకం రాసిన గుమాస్తాను, నీ బస్తాల మీద నేను పదిహేను కిలోలు తక్కువ రాశాను అన్నాను. ఈ వాక్యం ఇంటి దగ్గర ఎన్నిసార్లు అనుకున్నానో, అక్కడ అది నోట్లోంచి ముక్కలుగా వచ్చింది.

ఆయన చేతిలోని కట్టెను కుప్ప మీద వేసి, చేతులు దులుపుకొని, పుస్తకం అడిగాడు. చదువు రాదు గాని అంకెలు వచ్చు. తన పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్క బస్తానూ చదివాడు. ఆ వేలికి మిర్చి కట్టె గీరి రక్తపు చార ఉంది, అది కాగితం మీద ఒక చోట అంటింది. చివరిదాకా చదివి, "గప్పుడే అడుగుదమనుకున్న. అప్పు ఉన్నది గద, నోరు రాలే" అన్నాడు. నేను దొంగతనం చేయడానికి, ఆయన అడగకపోవడానికి మధ్య ఉన్నది ఒకే భయం అని నాకు అప్పుడు అర్థమైంది. తేడా ఏమిటంటే ఆయన భయానికి ఆయనే నష్టపోయాడు, నా భయానికి కూడా ఆయనే నష్టపోయాడు. డబ్బు తీసుకున్నాడు, రెండుసార్లు లెక్క పెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. బండి తీస్తుంటే, ఎండ ఉన్నది నీళ్లు తాగి పో అన్నాడు.

రెండో ఇంటికి వెళ్లేటప్పుడు భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఏడో ఇంటికి కూడా తగ్గలేదు. అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుకు ఆ రోజే ఏరుకోవాలని, మరునాటికి దాచితే పురుగు పట్టేదని నిర్గమకాండములో ఉంది. నాకు దొరికిన ధైర్యం కూడా ఒక గడపకు సరిపోయేంతే ఉండేది, పక్క గడపకు మిగిలేది కాదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు, సెలవు రోజులు అని పెట్టుకొని, ఒక్కో పూటకు రెండు ఇళ్లకు మించి వెళ్లలేదు.

ఎక్కువ మంది ఆశ్చర్యపడి తీసుకున్నారు. ఇద్దరు, నేను ఏదో పథకం పేరుతో సంతకాలు పెట్టించుకోవడానికి వచ్చానని అనుమానించి వాకిట్లోనే నిలబెట్టారు. ఒకరు వద్దన్నారు; వద్దన్నవారి డబ్బును వాళ్ల గడప మీద పెట్టి వచ్చాను, ఎందుకంటే వద్దనడం వాళ్ల మర్యాద, ఇవ్వడం నా అప్పు. ఆత్మకూరు వైపు ఒక రైతు మాత్రం నా చొక్కా పట్టుకున్నాడు. ఆ ఏడు తూకం డబ్బు చాలక చెల్లెలి పెళ్లికి మిత్తికి తెచ్చానన్నాడు, నోటికి వచ్చిన మాటలన్నీ అన్నాడు, చర్చికి పోయేటోళ్ల నీతి గిదేనా అని పదిమందిలో అరిచాడు. నా గురించి ఏమన్నా పడవలసిందే. కానీ ఆ చివరి మాటకు నా గొంతులో ఏదో అడ్డం పడింది, ఎందుకంటే నేను తెచ్చిపెట్టిన నింద అది, ప్రభువు నామం మీద పడింది. నిజమే అన్నా, నేను చర్చికి పోతూనే చేశాను అని మాత్రం చెప్పగలిగాను. కరపత్రం ముఖాన పడినప్పుడు నవ్వినట్టు ఆ రోజు నవ్వలేకపోయాను.

అందరికంటే కష్టమైన గడప మా సంఘంలోదే. ఇరవై మూడు మందిలో ఒకరు మా సంఘ పెద్ద, నేను పెదనాయనా అని పిలిచే మనిషి, నా పెళ్లిలో ప్రార్థన చేసినాయన. ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుంటూనే ఆయన పేజీని ఆఖరుకు నెట్టుకుంటూ వచ్చాను. మట్టల ఆదివారం, ఏప్రిల్ పదో తేదీ సాయంత్రం, ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పెద్దమ్మ లోపలి నుంచి వచ్చి, ఏమైందని అడిగి, జవాబు రాకపోయేసరికి మళ్లీ లోపలికి వెళ్లింది. చివరికి ఆయన, నా ముఖం చూడకుండా, ఆ ఏడు బస్తాలు కుట్టే ముందు తానూ కాయ మీద నీళ్లు చల్లించాననీ, బరువు వస్తుందనీ, అందరూ చేస్తున్నారనీ, అలా ఎన్ని ఏళ్లు చేశానో గుర్తు లేదనీ అన్నాడు. నేను ఇచ్చిన కవరు మా ఇద్దరి మధ్య మంచం మీద ఉంది. నా గ్రాములూ ఆయన నీళ్లూ ఒకదానికొకటి చెల్లు వేసుకొని లేచిపోవచ్చు. ఆ మాట ఇద్దరి నోటి దాకా వచ్చిందని నేను నమ్ముతున్నాను. ఎవరమూ అనలేదు. దొంగత్రాసు యెహోవాకు హేయమన్న సామెతల గ్రంథంలోని మాటను ఆయన ఎన్నిసార్లు మాకు కంఠస్థం చేయించాడో ఇద్దరికీ గుర్తుంది. ఆయన కవరు తీసుకొని, కొనుగోలుదారుకు నేను ఎలా తిరిగి ఇవ్వాలో నాకు తోచడం లేదు, పాస్టరు దగ్గరికి రేపు నువ్వు నాతో రా అన్నాడు. మరునాడు వెళ్లాము. ఏప్రిల్ పదిహేడున పునరుత్థాన పండుగ నాడు రొట్టె తీసుకోవడానికి ఇంకా తొమ్మిది పేర్లు మిగిలి ఉన్నాయని నేను వెనకాడితే, వెళ్తున్నవాడు తినవచ్చు, కూర్చున్నవాడే ఆలోచించుకోవాలి అని పాస్టరు గారు చెప్పారు. తీసుకున్నాను.

ఒక రైతు ఆ మధ్యనే చనిపోయాడు, ఆయన భార్య చేతికి ఇచ్చాను. మే నెల ఎండల్లో మిగిలినవన్నీ తిరిగాను. అన్నిటికంటే చివర మిగిలింది శాయంపేట వైపు ఒక ఊరు, పద్నాలుగు బస్తాల పేజీ. ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు, కిలో 92 రూపాయల చొప్పున, అయిదో వంతు కలిపి, పైసలను పై రూపాయికి సవరిస్తే 928 రూపాయలు. పేజీ మీద ఉన్న పేరు కొడుకుది. ఆ రోజు సరుకు తెచ్చింది అతనే. మూడేళ్లుగా భివండిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడని ఊళ్లో చెప్పారు. జూన్ రెండో వారం, తొలకరి పడి మట్టి ఇంకా తడిగా ఉన్న రోజు, ఇంట్లో ముసలి తండ్రి ఒక్కడే ఉన్నాడు.

నేను చెప్పిందంతా విని ఆయన లేచి లోపలికి వెళ్లాడు. ఇనుప సందుగ మూత చప్పుడు వినిపించింది. మడతల దగ్గర చిరిగిపోతున్న తక్‌పట్టీ ఒకటి తెచ్చి నా ముందు పరిచాడు, కింద నా సంతకమే. ఆ ఏడు ఇంటి దగ్గర కిరాయి కాంటా మీద తూచి మరీ పంపాననీ, కాగితం మీద ఎనిమిది కిలోలు తక్కువ వచ్చిందనీ, కొడుకును అడిగితే కాంటా పక్కన నిలబడి చూసిన, అంకెలు సరిగ్గనే వచ్చినయి అన్నాడనీ చెప్పాడు. "కాంటా సరిగ్గ ఉంటె కాగితంల ఎట్ల తగ్గిందిరా, తొవ్వల అమ్ముకోని తాగినవా అన్న. పదిమందిల అన్న. వాడు ఎన్ని దినాలైనా ఆ మాట మర్సిపోలే. ఏడాది తిరగక ముందే పోయిండు." ఆయన గొంతులో కోపం లేదు. ఎనిమిది కిలోలని నేను లెక్క కట్టాను, 928 రూపాయలని కవరు మీద రాశాను. ఆ ఇంట్లో నేను తీసుకున్నది ఏమిటో ఆ పుస్తకంలో లేదు.

ఆయన జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, సరైన తూకం ఆ కాగితం మీదే రాయమన్నాడు. నేను బస్తా బస్తాకూ గ్రాములు వేసి, కింద మొత్తం మార్చి, తూకం తప్పుగా రాసింది నేనే అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఆయన కాగితాన్ని ఆరబెట్టినట్టు కాసేపు పట్టుకొని, ఫోను తీసి కొడుకు నంబరు కలిపాడు. అటు నుంచి మగ్గాల చప్పుడు వినిపించింది. తిన్నవారా అని అడిగాడు, వానలు పడుతున్నాయని చెప్పాడు, ఇంకేదో చెప్పబోయి ఆగిపోయి, ఫోను నా వైపు చాచాడు. "నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు. నేను ఫోను చెవికి ఆనించుకొని, మొదట నా పేరు చెప్పాను.